పని అయింది సరే, అందులో మీరెంత ఖర్చయ్యారు?

(పెద్ద వయసులో ఏడీహెచ్‌డీ ఉందని తెలిసిన స్త్రీల గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేస్తూ నా చదువు, ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అన్నీ చెప్పారు. కృతజ్ఞతలు. నాకు 38 ఏళ్ల వయసులో ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధనీ చురుకుదనాన్నీ అదుపులో పెట్టుకోవడం కష్టమయ్యే, మెదడు ఎదుగుదలకి సంబంధించిన సమస్య, ఉందని తేలినప్పుడు విన్నవాళ్లు దాదాపు అందరూ ఇదే పరిచయాన్ని నాకే తిరిగి చెప్పారు. "ఇంత చదివావు, ఇన్నేళ్లుగా ఉద్యోగం చేస్తున్నావు, ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నావు, నీకు ఏడీహెచ్‌డీ ఏమిటి?" అని. నా మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. పనులు జరిగిపోతున్నాయంటే మనిషి బాగున్నట్టే అనే లెక్క. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదల్లా ఆ లెక్క తప్పని. పని అయిందా లేదా అని మాత్రమే చూస్తే మాలాంటి వాళ్లు ఎప్పటికీ ఎవరి కంటా పడరు. ఆ పని చెయ్యడానికి లోపల ఎంత ఖర్చయిపోతున్నారో అడిగితేనే బయటపడతారు.

ఏడీహెచ్‌డీ అనగానే చాలామందికి తరగతిలో కుదురుగా కూర్చోలేని మగపిల్లాడు గుర్తొస్తాడు. ఆ పిల్లాడికి ఉండొచ్చు, కాదనను. అయితే ఇది అల్లరికి పెట్టిన పేరు కాదు. ఏకాగ్రత బొత్తిగా లేకపోవడమూ కాదు. నచ్చిన పని దొరికితే మేం ఆకలీ నిద్రా మరిచిపోయి అందులోనే ఉండిపోతాం, పక్కనుంచి పిలిచినా వినపడదు. దృష్టిని కావలసిన చోట పెట్టడం, పెట్టినదాన్ని అవసరమైనప్పుడు తియ్యడం, ఈ రెండూ మా చేతిలో ఉండవు. అక్కడే ఇబ్బంది. ఈ పని ముఖ్యం అని తెలిసినంత మాత్రాన మెదడు కదలదు. పనిలో ఆసక్తి ఉండాలి, లేదా కొత్తదనం ఉండాలి, రెండూ లేకపోతే గడువు నెత్తి మీదకి రావాలి. రస్సెల్ బార్‌క్లీ అనే అమెరికన్ సైకాలజిస్టు దశాబ్దాలుగా దీన్ని స్వీయ నియంత్రణ సమస్యగా చూడమని చెబుతూ వస్తున్నారు. నా అనుభవానికి అంత దగ్గరగా వచ్చిన వివరణ ఇంకోటి లేదు. ఏం చెయ్యాలో మాకు తెలుసు. ఎలా చెయ్యాలో కూడా చాలాసార్లు తెలుసు. తెలిసిన పనిని వేళకి మొదలుపెట్టడం దగ్గరే తెగిపోతుంది.

దీంతోపాటు మరికొన్ని ఉంటాయి. చేస్తున్న పని తాలూకు వివరాలు కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడం కష్టం. ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్లేలోపు ఎందుకు బయల్దేరామో జారిపోతుంది. వచ్చే నెల గడువు అంటే అది లేనట్టే ఉంటుంది, రేపు పొద్దున అనేసరికి ఒక్కసారిగా మీద పడుతుంది. చిన్న మాటకి పెద్ద బాధ కలుగుతుంది, అది వెంటనే చల్లారదు. ఈ ఆఖరిది నిర్ధారణ ప్రమాణాల జాబితాలో ప్రధాన లక్షణంగా లేదు. కానీ ఏడీహెచ్‌డీ ఉన్న ఏ ఆడమనిషితో పది నిమిషాలు మాట్లాడినా అన్నిటికంటే ముందు దాని గురించే చెబుతుంది.

మరి ఇది ఆడవాళ్లలో ఇంత ఆలస్యంగా ఎందుకు తెలుస్తోంది? కొంచెం వెనక్కి వెళ్లాలి. 1902లో జార్జ్ స్టిల్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో, తెలివితేటలు బాగానే ఉండి తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి వివరించాడు. 1937లో చార్లెస్ బ్రాడ్లీ అమెరికాలో 30 మంది పిల్లలకి ఉత్తేజక (స్టిమ్యులెంట్) మందు ఇచ్చి, వాళ్లలో చాలామంది చదువులో కుదురుకోవడం గమనించాడు. ఈ చరిత్రలో మొదటినుంచీ మగపిల్లలే ఎక్కువ. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1968లో తెచ్చిన నిర్ధారణ గ్రంథంలో దీని పేరే బాల్యంలోని అతి చురుకుదనపు ప్రతిచర్య. అంటే పేరులోనే రెండు తలుపులు మూసేశారు. పెద్దవాళ్లకి ఒకటి, నిశ్శబ్దంగా కూర్చునే పిల్లలకి ఒకటి. అతి చురుకుదనం లేకపోయినా శ్రద్ధ లోపం ఉండొచ్చని అదే గ్రంథం ఒప్పుకున్నది 1980లో. ఏడేళ్లలోపే లక్షణాలు కనిపించి ఉండాలన్న నిబంధనని 12 ఏళ్లకి పెంచింది 2013లో. పెద్దవాళ్లకి ఆరు లక్షణాలకి బదులు ఐదు చాలు అన్నదీ అప్పుడే. ఇక్కడ కూర్చున్న చాలామంది స్కూలు చదువు ఆ మార్పులు రాకముందే అయిపోయింది.

గ్రంథాలు మారాయి, మనుషుల కళ్లు అంత తొందరగా మారలేదు. ఎవరి వల్ల ఇతరులకి ఇబ్బంది కలుగుతుందో ఆ పిల్లల్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. బల్ల మీదకెక్కి దూకే పిల్లాడి ఏడీహెచ్‌డీ ఖర్చు టీచరు మీద పడుతుంది, పక్క పిల్లల మీద పడుతుంది. కాబట్టి కబురు వెళ్తుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుని, ఇంటికెళ్లి అరగంట హోంవర్కుని నాలుగు గంటలు చేసి, మధ్యలో రెండుసార్లు ఏడ్చి, పొద్దున్నే నీటుగా నోట్సు అప్పగించే ఆడపిల్ల ఖర్చంతా తానే భరిస్తుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. కబురు వెళ్లదు. క్లినిక్‌లకి వచ్చే పిల్లల్లో అబ్బాయిలు అమ్మాయిల కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడేవారు. జనాభాలో వెతికితే పిల్లల్లో ఇద్దరు అబ్బాయిలకి ఒక అమ్మాయి, పెద్దవాళ్లలో 1.6 మంది మగవాళ్లకి ఒక స్త్రీ అని 2013 నాటి గ్రంథమే చెబుతోంది. మిగతా ఆడపిల్లలంతా ఎక్కడున్నారు? తరగతిలోనే ఉన్నారు, బుద్ధిమంతులు అనిపించుకుంటూ. స్వీడన్‌లో 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మగవాళ్లతో పోలిస్తే స్త్రీలకి సగటున నాలుగేళ్లు ఆలస్యంగా నిర్ధారణ అయినట్టు తేలింది. నిర్ధారణకి ముందే డిప్రెషన్, ఆందోళన లాంటి వాటికి మందులు వాడినవాళ్లు మగవాళ్లలో కంటే స్త్రీలలో ఎక్కువగా ఉన్నారు. డాక్టర్ల దగ్గరికి వెళ్లలేదని కాదు, వెళ్లిన చోట ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

నా సంగతీ అదే. ఆందోళనకి ఏళ్ల తరబడి వైద్యం చేయించుకున్నాను. ఆందోళన నిజంగా ఉంది, అబద్ధం కాదు. అప్పట్లో నన్ను చూసిన డాక్టరుతో ఒకసారి, చదవడానికి కూర్చుంటే పేజీ దాటదు అని చెప్పాను. మార్కులు అడిగారు, చెప్పాను, అక్కడితో ఆ విషయం మూసేశారు. ఆ మార్కులు ఎలా వచ్చాయో అడిగితే చెప్పేదాన్ని. పరీక్ష ముందు రాత్రుళ్లు భయంతో మేలుకుని, ఆ భయాన్నే ఇంధనం చేసుకుని చదివాను. ఆందోళన నా జబ్బు మాత్రమే కాదు, నన్ను నడిపించిన పద్ధతి కూడా. ఏడీహెచ్‌డీ ఉన్న ఆడవాళ్లలో ఇది చాలా ఎక్కువగా చూస్తాను. మర్చిపోతామన్న భయంతో బ్యాగు నాలుగుసార్లు వెతుక్కుంటారు. ఆలస్యమవుతామన్న భయంతో గంట ముందు వెళ్లి బయట నిలబడతారు. మధ్యాహ్నం మూడింటికి ఒక అపాయింట్‌మెంట్ ఉంటే పొద్దుటినుంచీ మరే పనీ ముట్టుకోలేరు. పంపిన ప్రతి మెయిలూ మళ్లీ తెరిచి చదువుకుంటారు. బయటివాళ్లకి కనబడేది మాత్రం ఎంతో జాగ్రత్తగల మనిషి. ముందు వరసలో తల ఊపుతున్నారు కొందరు. మీకు తెలుసు.

ఈ పద్ధతి కొంతకాలం పనిచేస్తుంది. ఇంట్లో అమ్మ లేపడం, స్కూలు గంట, టైంటేబులు, ఇవన్నీ బయటినుంచి పట్టి ఉంచినంతకాలం. ఒక్కో ఆసరా తొలగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కొందరికి కాలేజీలో, కొందరికి మొదటి ఉద్యోగంలో చేతులెత్తేసే పరిస్థితి వస్తుంది. చాలామందికి బిడ్డ పుట్టాక వస్తుంది. అప్పటిదాకా తన ఒక్కదాని పనులు గుర్తుపెట్టుకోవడానికే శక్తంతా పోసిన మనిషి మీద ఇంకొక మనిషి నిద్ర, ఆహారం, మందులు, టీకాలు అన్నీ పడతాయి, అది కూడా నిద్రలేని రాత్రుల్లో. దీనికి శరీరం కూడా తోడవుతుంది. ఈస్ట్రోజెన్ హార్మోన్‌కీ, మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం పనితీరుకీ సంబంధం ఉంది. నెలసరికి ముందు రోజుల్లో, ప్రసవం తర్వాత, నెలసరి ఆగిపోయే వయసుకి దగ్గరపడుతున్నప్పుడు ఈస్ట్రోజెన్ పడిపోతుంది. ఆ రోజుల్లో లక్షణాలు బాగా ముదిరాయని ఎంతోమంది స్త్రీలు చెబుతారు. దీని మీద పరిశోధన ఇప్పుడిప్పుడే ఊపందుకుంటోంది, జరగాల్సినంత ఇంకా జరగలేదు. నలభై ఐదు దాటాక "నాకు మతిమరుపు జబ్బు మొదలైందేమో" అని హడలిపోయి వచ్చి, చివరికి చిన్నప్పటినుంచీ ఉన్న ఏడీహెచ్‌డీ అని తెలుసుకునేవాళ్లున్నారు.

ఇదంతా వట్టి అలసట గురించి కాదు, ప్రాణాల గురించి. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిన్‌షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 140 మంది ఆడపిల్లల్ని చిన్నతనం నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చింది. 2012లో వాళ్లు ప్రచురించిన ఫలితాల్లో, ఏడీహెచ్‌డీ లేని ఆడపిల్లలతో పోలిస్తే వీళ్లలో తమను తాము గాయపరచుకోవడం, ఆత్మహత్యాయత్నాలు ఎక్కువగా కనిపించాయి. శ్రద్ధ లోపం, దుడుకుతనం రెండూ కలిసి ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. 2015లో డెన్మార్క్ రికార్డులతో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో అకాల మరణాలు ఎక్కువని తేలింది, వాటిలో ప్రమాదాల వల్ల పోయినవే ముందు వరసలో ఉన్నాయి. ఆ ముప్పు పెద్దయ్యాక నిర్ధారణ అయినవాళ్లలో ఇంకా ఎక్కువ. నిర్ధారణ ఆలస్యమైనందుకు కట్టే వడ్డీ ఇంత దూరం వెళ్తుందని ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అందుకే నేను ఇలా ఊరూరా మాట్లాడుతున్నాను.

ఇక నిర్ధారణ ఎలా జరుగుతుందో. రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. అనుభవం ఉన్న సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో తయారైన 18 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, అందులో మొదటి ఆరు ప్రశ్నలు చాలు అనుమానం కలగడానికి. అనుమానానికే సుమా, నిర్ధారణకి కాదు. నిర్ధారణ గ్రంథంలో శ్రద్ధకి సంబంధించి తొమ్మిది లక్షణాలు ఉన్నాయి, అతి చురుకుదనానికీ దుడుకుతనానికీ సంబంధించి తొమ్మిది. వీటిలో ఏదో ఒక వర్గంలో కనీసం ఐదు ఉండాలి. 12 ఏళ్లలోపే కొన్నయినా కనిపించి ఉండాలి. ఇల్లు, పని, చదువు వంటి చోట్లలో కనీసం రెండింట బతుకుని ఇబ్బంది పెడుతూ ఉండాలి. థైరాయిడ్, రక్తహీనత, నిద్ర జబ్బులు, బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు), మనసుకి తగిలిన పాత గాయాల ప్రభావం, ఇవి కూడా ఇలాగే కనిపించగలవు కాబట్టి వాటినీ చూడాలి. పది నిమిషాల్లో తేల్చేస్తానన్న చోటికి వెళ్లకండి.

నన్ను పరీక్షించినావిడ నా స్కూలు రిపోర్టు కార్డులు తెమ్మన్నారు. "తెలివైన పిల్ల, శ్రద్ధ పెడితే ఇంకా రాణిస్తుంది." దాదాపు ప్రతి ఏడూ ఇదే మాట, వేర్వేరు చేతిరాతల్లో. ఆవిడ వాటిని పక్కన పెట్టి ఒకటే అడిగారు: "ఇవన్నీ చేస్తున్నారు సరే, ఎలా చేస్తున్నారు?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. అప్పటిదాకా నన్నెవరూ అది అడగలేదు, నేను కూడా అడుక్కోలేదు. ఇక్కడ డాక్టర్లు ఎవరైనా ఉంటే నా విన్నపం ఇదొక్కటే. మీ ఎదుట కూర్చున్న ఆడమనిషి డిగ్రీలు చూసి ఆగిపోకండి. ఆ డిగ్రీ ఎలా వచ్చిందో అడగండి.

నిర్ధారణ అయ్యాక ఊరట కలుగుతుందని అందరూ చెబుతారు, నిజమే. కొన్ని వారాలకి దాని వెనకే ఇంకోటి వస్తుంది. బద్ధకం, అజాగ్రత్త, పొగరు, ఇలా మనకి పడిన పేర్లన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తాయి. వదిలేసిన చదువులు, తెగిపోయిన స్నేహాలు గుర్తొస్తాయి. పదిహేనేళ్ల వయసులోనే తెలిసి ఉంటే అనిపిస్తుంది. ఆ దుఃఖానికి తొందరపెట్టి ముగింపు పలకాలని చూడకండి. "ఇప్పుడు తెలిసింది కదా, ఇంక బాధెందుకు" అనే మాట వినడానికి మంచిదే కానీ, ఏడ్చే హక్కుని లాగేసుకుంటుంది.

మా అమ్మకి చెప్పినప్పుడు శ్రద్ధగా విని, "ఆడవాళ్లందరికీ ఇంతేనమ్మా, నేనూ ఇంతేగా" అంది. ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఏడీహెచ్‌డీ బలంగా వంశపారంపర్యం. కవలల మీద జరిగిన అధ్యయనాలని కలిపి చూస్తే జన్యువుల పాత్ర సుమారు 74 శాతం అని తేలింది. అమ్మ చెప్పింది ఆడవాళ్లందరి గురించీ కాకపోవచ్చు, మా ఇంటి ఆడవాళ్ల గురించి కావచ్చు. ఇంటిల్లిపాదికీ ఉంటే అది ఎవరికీ జబ్బులా కనిపించదు. బిడ్డకి నిర్ధారణ జరుగుతుంటే డాక్టరు అడిగే ప్రశ్నలు వింటూ, ఇవన్నీ నాకూ ఉన్నాయే అని తల్లి గ్రహించడం ఈ రంగంలో ఉన్నవాళ్లు తరచూ చూసేదే.

చికిత్స గురించి భయాలు చాలా ఉన్నాయి కాబట్టి సూటిగా చెబుతాను. ఏడీహెచ్‌డీకి వాడే ఉత్తేజక మందుల్లో ఒకటైన మిథైల్‌ఫెనిడేట్‌ని మొదట తయారు చేసింది 1944లో, అంటే ఇది నిన్నమొన్నటి మందు కాదు. ఇలాంటి ఉత్తేజక మందులు మెదడులో డోపమైన్, నార్ఎపినెఫ్రిన్ అనే రసాయనాల అందుబాటుని పెంచుతాయి. ఆకలి తగ్గొచ్చు, నిద్ర చెదరొచ్చు, గుండె వేగం, రక్తపోటు పెరగొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు, వాడుతున్నప్పుడు కూడా ఇవి చూస్తారు. అటోమాక్సెటిన్ లాంటి ఉత్తేజకం కాని మందులూ ఉన్నాయి, వాటి ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. గర్భం దాల్చాలనుకుంటున్నా, పాలిస్తున్నా ముందే డాక్టరుతో చెప్పండి. మందు వాడాలా వద్దా అన్నది మీరూ మీ డాక్టరూ తేల్చుకోవాల్సిన విషయం, వాడినందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మందు పడ్డాక నాలో వచ్చిన మార్పు చిన్నది. పని మొదలుపెట్టడానికి భయం అక్కర్లేకపోయింది. ఆ చిన్న మార్పుతోనే సాయంత్రానికి కొంచెం మనిషిగా మిగలడం మొదలైంది.

మందు అలవాట్లు నేర్పదు. దానికి పెద్దవాళ్ల ఏడీహెచ్‌డీ కోసం ప్రత్యేకంగా రూపొందించిన సీబీటీ అనే మాటల చికిత్స ఉంది, ప్రయోజనం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఇంట్లో చేసుకునే ఏర్పాట్లకీ నేను ఆ ఖర్చు ప్రశ్ననే వాడతాను. మనసులో పెట్టుకున్నది కంటి ముందుకి తెస్తే ఖర్చు తగ్గుతుంది: ముల్లు తిరిగే గడియారం, తలుపు మీదే రాసిన కాగితం, తలుపుల్లేని అరలు. మొదలుపెట్టలేని పనికి పక్కన ఎవరైనా ఊరికే కూర్చుంటే చాలు, సాయం చెయ్యక్కర్లేదు, మొదలవుతుంది. ఆఫీసులో నోటిమాటగా చెప్పేవి రాసి పంపమని అడగండి. కొన్ని పనులు బొత్తిగా మానేయండి కూడా. రంగురంగుల ప్లానరు నింపడానికే మీ ఉదయమంతా పోతుంటే ఆ ప్లానరు మీకు పనికిరాదు, ఎవరికి ఎంత పనికొచ్చినా సరే.

ఇంట్లోవాళ్లకి ఒక్క మాట. ఆమె మర్చిపోయింది అంటే మీరంటే లెక్కలేదని కాదు. అలాగని మీ ఇబ్బందిని మింగేయమనీ అనను. మీ కష్టం చెప్పండి. ఏం చేస్తే బాగుంటుందో ఇద్దరూ కూర్చుని రాసుకోండి. "కొంచెం మనసు పెట్టు" అని మాత్రం అనకండి. పెట్టడానికి ఇంక ఏమీ మిగలనంతగా ఆమె పెడుతూనే ఉంది.

ప్రశ్నలకి సమయం ఉందన్నారు. అడగండి.

(సభలోంచి: ఫోనులో వీడియోలు చూసి నాకూ ఉందేమో అనిపిస్తోంది. అది అనుకరణ అంటున్నారు మా వాళ్లు.)

అనుమానం ఎక్కడ మొదలైందన్నది ముఖ్యం కాదండీ. వీడియో నిర్ధారణ కాదు, కానీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికి అది చాలినంత కారణమే. వెళ్లేముందు చిన్నప్పటి సంగతులు రాసుకోండి. అమ్మనో అక్కనో, మిమ్మల్ని అప్పట్లో చూసినవాళ్లని అడగండి. లేదని తేలినా నష్టం లేదు, ఆ ఇబ్బంది దేనివల్లో తెలుస్తుంది.

(సభలోంచి: మా అమ్మాయికి పదేళ్లు. మార్కులు బాగానే వస్తాయి, టీచర్లకి ఏ ఫిర్యాదూ లేదు. అయినా మీరు చెబుతుంటే భయమేసింది. చూపించాలంటారా?)

ఆ హోంవర్కు ఎంతసేపు పడుతోందో ముందు చూడండమ్మా. చేస్తూ ఏడుస్తోందా, పడుకునే ముందు స్కూలు గురించి దిగులు పడుతోందా, వస్తువులు పోగొట్టుకుని మీకు చెప్పడానికి భయపడుతోందా, స్నేహాలు నిలుస్తున్నాయా చూడండి. ఒక రెండు వారాలపాటు తేదీలతో సహా రాసిపెట్టుకోండి. ఏం చేస్తే ఆమెకి తేలికైందో అది కూడా రాయండి. వీటిలో కొన్ని ఉంటే పిల్లల సైకియాట్రిస్టుకి చూపించండి, మార్కుల కాగితంతోపాటు ఈ కాగితం కూడా పట్టుకెళ్లండి. నిర్ధారణ అయినంత మాత్రాన మందు మొదలుపెట్టాలని లేదు, స్కూల్లో చిన్నచిన్న సర్దుబాట్లతో కుదురుకునే పిల్లలున్నారు. డాక్టరు ఎదుట మాత్రం ముందు అమ్మాయినే మాట్లాడనివ్వండి. ఆ తర్వాత మీరు రాసింది చూపించండి.